ఐలేశం కారుకు నాలుగు హద్దులు

ఐలేశానికి సొంత అభిప్రాయం అనేది లేదు. ఒకప్పుడు ఉండేదేమో, దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరినో అడిగి, అక్కడ పెట్టి మరిచిపోయి ఉంటాడని ఆయన భార్య కౌసల్యకు అనుమానం. పొద్దున వేపపుల్లా పేస్టా అన్న దగ్గర మొదలై, రాత్రి ఎటు తలపెట్టి పడుకోవాలన్న దాకా, ఎదుటిమనిషిని పట్టుకుని "నువ్వైతే ఏం జేస్తవు?" అని అడగనిదే ఆయనకు పొద్దు గడవదు. పోనీ చెప్పింది చేస్తాడా అంటే, అదీ లేదు. శ్రద్ధగా వింటాడు, తల ఊపుతాడు, "మంచిగ చెప్పినవ్" అంటాడు, తిన్నగా పోయి ఇంకొకరిని అడుగుతాడు.

ముప్ఫై మూడేళ్లు ఆర్టీసీ కండక్టరుగా చేసిన మనిషి. బస్సెక్కిన ప్రతివాణ్ణీ "ఏడికి? ఏడికి?" అని అడగడమే ఉద్యోగం. జీతం ఇచ్చి మరీ అడగమంటే ఎవరికి అలవాటు కాదు చెప్పండి! కౌసల్య సంబంధం వచ్చినప్పుడు చేసుకోవాలా వద్దా అని దేవరకొండ బస్సులో టికెట్లు కొడుతూ కొడుతూ అందరినీ అడిగాడట. ముందు సీట్లవాళ్లు చేసుకో అన్నారట, వెనక సీట్లవాళ్లు ఇంకో ఏడాది ఆగమన్నారట. ఆ రోజు ముందు సీట్లు నిండుగా ఉన్నాయి కాబట్టి తన పెళ్లయిందని కౌసల్య ఇప్పటికీ దెప్పుతుంది.

రిటైరయ్యాక నల్గొండకు పదిహేను కిలోమీటర్లున్న సొంతూరు గుండ్లబావికి వచ్చి, ఉన్న నాలుగెకరాల దగ్గర స్థిరపడ్డాడు. ఒక పాత తెల్ల కారు కొన్నాడు. కొనడానికి ఏడాదిన్నర పట్టింది. అందులో పద్నాలుగు నెలలు అడగడానికే పోయాయి.

ఆ ఊళ్లో ఐలేశం అడగని మనిషి ఒక్కడే, పోచయ్య. అడగడని కాదు, పోచయ్య దొరకడు. ఇద్దరి పొలాలూ పక్కపక్కనే. నాలుగేళ్ల కిందట పోచయ్య తన చెలకలో బత్తాయి తోట పెట్టాడు. పెట్టిన కొన్నాళ్లకే ఎందుకో మాట మానేశాడు. ఐలేశం ఎదురొస్తే సందులోకి తిరిగిపోతాడు, సందు లేకపోతే సెల్లు చెవికి పెట్టుకుంటాడు. ఎందుకో కౌసల్యకు తెలుసు. ఆ తోటలో చివరి వరుస పదకొండు చెట్లు, గెట్టు దాటి తమ పొలంలోకి వచ్చాయని ఆమె లెక్క. కాలితో కొలిచింది, తాడుతో కొలిచింది, ఒకసారి చీరతో కూడా కొలిచింది.

"సర్వేయర్‌ను పిలిపించి గెట్టు కొలిపియ్యి. చెట్లు మనయైతే మనయి, ఆయనయైతే ఆయనయి" అని నాలుగేళ్లుగా చెబుతోంది.

"కొలిపియ్యాల్నా, వద్దా, నలుగుర్ని అడుగుత" అంటాడు ఐలేశం.

నాలుగేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు. ఊళ్లో సగంమంది కొలిపించమన్నారు, సగంమంది వద్దన్నారు. ఓట్లు సమానమైన ప్రతిసారీ "సూసినవా, తేల్తలేదు" అని ఇంటికొచ్చి అన్నానికి కూర్చుంటాడు. ఎవరేం చెబుతారో ముందే తెలిసినట్టు సరిగ్గా సగం ఇటు, సగం అటు ఎలా అడుగుతాడో కౌసల్యకు అంతుపట్టదు.

ఇలా ఉండగా వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర ఒక సంగతి జరిగింది.

ఐలేశం వడ్లు ఎండపోసిన చోటికి కౌసల్యను కారులో తీసుకుపోయాడు. కారు ఎక్కడ ఆపాలో తెలియక, దారి మధ్యలో ఆపి, ఎక్కడ ఆపాలో అడగడానికి దిగి పోయాడు. కౌసల్య లోపల కూర్చుని పల్లీలు తింటోంది. వెనక్కి వస్తున్న ఒక ట్రాక్టరు, ట్రాలీ మూలతో ఆమె వైపు తలుపును మెల్లగా, ఆప్యాయంగా, లోపలికి నొక్కింది.

"ఓ అయ్యో! సచ్చిపోతినిరో!" అని కౌసల్య అరిచింది. ఆమెకేం కాలేదు. పల్లీలు మాత్రం కిందపడ్డాయి.

ట్రాక్టర్ మీంచి దిగింది పోచయ్య. ఎవరి కారో చూసేసరికి మొహంలో నెత్తురుచుక్క లేదు. తలుపు లోపలికి సొట్టపోయి బిగుసుకుంది. పిడి పట్టి లాగితే పిడే చేతికొచ్చింది. కౌసల్య గేరు రాడ్డు దాటుకుని, స్టీరింగు కింద నుంచి దూరి, డ్రైవరు వైపు తలుపు లోంచి బయటపడింది.

"వదినా, దెబ్బ తాకలే గదా?" అన్నాడు పోచయ్య. నాలుగేళ్లలో ఆమెతో మాట్లాడిన మొదటి మాట అది.

"నాకేం తాకలే గని, తలుపు సంగతేంది?"

"నేనే చేయిస్త. లేకుంటే ఇన్సూరెన్స్ పెట్టుకున్నా సరే. అన్న ఎట్లంటే గట్ల" అని ట్రాక్టర్ టైరుకు చెప్పి, పోచయ్య బండెక్కి పోయాడు.

అన్న ఎట్లంటే గట్ల! ఐలేశాన్ని పట్టుకుని ఎవరైనా అనవలసిన మాటేనా అది? ఆ సాయంత్రం నుంచే ఊరి మీద పడ్డాడు.

మొదట డానియల్ దగ్గరికి పోయాడు. డానియల్ ఒకప్పుడు ఐలేశం ఎక్కిన బస్సుకే డ్రైవరు. "ఏండ్లసంది ఇన్సూరెన్స్ కడ్తున్నవ్. గిసుంటప్పుడు వాడుకోకుంటే ఎందుకే అది, పూజ చేసుకోనీకా?" అన్నాడు డానియల్. మంచిగ చెప్పినవ్ అన్నాడు ఐలేశం.

తరువాత చాయ్ హోటల్ జానమ్మ. ఆమె హోటల్ ఐలేశం ఇంటి పక్కనే. "ఇన్సూరెన్సోళ్లు కాయితాల మీద కాయితాలు అడుగుతరు కాకా. గుద్దినోడు ఊళ్లనే ఉన్నడాయె, చేయించి ఇయ్యమను, ఆడికాడనే అయిపోతది" అంది జానమ్మ. మంచిగ చెప్పినవ్ అన్నాడు ఐలేశం.

మహబూబ్‌నగర్‌లో టీచరుగా ఉన్న కూతురు నిహారికకు ఫోన్ చేశాడు. "నాయినా, చిన్న దెబ్బకు క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు నో క్లెయిమ్ బోనస్ పోతది, జర ఆలోచించు. ఏం చేసినా తొందరగ చెయ్యి, లేటైతే వాళ్లు ఒప్పుకోరు" అంది ఆమె.

ఐలేశం ఫోన్ పెట్టేసి కౌసల్య వైపు తిరిగాడు. "బోనస్ పోతదట!"

"ఏం బోనస్?"

"బోనసంటే సన్నవడ్లకు సర్కారిచ్చేదే గదా. మనం సన్నాలేసినం. కారుకు సొట్టపోతే వడ్ల బోనస్ ఎందుకు ఆపుతరే?"

"గదే నాకూ సమజ్ అయితలేదు" అంది కౌసల్య. మొగుడూ పెళ్లాం ఇద్దరూ చాలాసేపు దిగులుపడ్డారు. మర్నాడు బ్యాంకుకు పోయి, కారు తలుపుకూ సన్నవడ్లకూ సంబంధమేమిటని అడిగారు. బ్యాంకాయన పాపం రెండుసార్లు చెప్పించుకుని, మంచినీళ్లు తాగాడు.

ఇలా నాలుగు రోజులు గడిచాయి. ఆ నాలుగు రోజులూ కౌసల్య ఎక్కడికి పోవాలన్నా డ్రైవరు వైపు నుంచి ఎక్కి, గేరు రాడ్డు దాటి, తన సీట్లో పడాల్సిందే. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఆమె దిగుతుంటే జనం ఆగి చూశారు. "ఈ వయసుల నాకు గీ సర్కసేందయ్యా! అటో ఇటో తేల్చు" అని ఇంటికి వచ్చేదాకా తిట్టింది.

తేల్చుకోవడానికే ఐలేశం అయిదో రోజు జానమ్మ హోటల్లో కూర్చుని, స్పీకర్ పెట్టి ఇన్సూరెన్సు నంబరుకు ఫోన్ చేశాడు. క్లెయిమ్ చెయ్యడానికి కాదు. అడగడానికి.

"అమ్మా, గిట్ల గిట్ల అయింది. నువ్వైతే ఏం జేస్తవు?"

అటువైపు అమ్మాయికి ఇచ్చిన కాగితంలో ఈ ప్రశ్నకు జవాబు ఉన్నట్టు లేదు. "సార్, మీ క్లెయిమ్ నమోదు చేశాను. రేపు ఉదయం పది గంటలకు సర్వేయర్ మీ ఇంటికి వస్తారు. బండిని కదిలించకండి" అని పెట్టేసింది.

సర్వేయర్ అన్న మాట వినగానే హోటల్లో చాయ్ గ్లాసులు ఆగిపోయాయి. గుండ్లబావిలో సర్వేయర్ అంటే ఒక్కడే. గొలుసు పట్టుకుని వచ్చి, పొలం కొలిచి, అన్నదమ్ముల మధ్య రాళ్లు పాతి పోయేవాడు.

"గెట్టు కొలిపిస్తున్నవా కాకా?" అంది జానమ్మ.

"కాదమ్మా, కారుకు."

"కారుకు సర్వేయరేంది?"

ఐలేశం ఆలోచించాడు. నిజమే, కారుకు సర్వేయర్ ఏమిటి? అయినా వస్తానన్నాక వస్తాడు. సర్వేయర్ వస్తే ఏం కావాలో ఊళ్లో అందరికీ తెలుసు. నాలుగు దిక్కుల హద్దుదారులు హాజరుండాలి, సంతకాలు పెట్టాలి, లేకపోతే కొలత చెల్లదు. ఐలేశం లేచాడు. కారు ఇంటిముందు వేపచెట్టు కింద ఉంది. దానికి తూర్పున జానమ్మ హోటల్, పడమర డానియల్ ఇల్లు, దక్షిణాన గ్రామపంచాయతీ రోడ్డు, ఉత్తరాన ఐలేశం సొంత గోడ. జానమ్మకు, డానియల్‌కు చెప్పాడు. రోడ్డు తరఫున పంచాయతీ కార్యదర్శికి చెప్పాడు. ఉత్తరం తనదే కాబట్టి తనకు తానే చెప్పుకున్నాడు. గుద్దినవాడు కూడా ఉండాలి గదా అని పోచయ్య ఇంటికి కబురు పంపాడు: "రేపు పొద్దుగాల సర్వేయర్ వస్తుండు, తప్పకుండ ఉండాలె."

ఆ కబురు విని పోచయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయిందని తరువాత తెలిసింది. ఈ ఏడే ఆ తోటకు మొదటి కాపు.

ఇంటికొచ్చిన ఐలేశానికి కౌసల్య నవ్వుమొహంతో ఎదురొచ్చింది. అలా ఎదురొచ్చి చాన్నాళ్లయింది. "మంచిగయింది. కారుకొస్తడో దేనికొస్తడో, వచ్చినోడితోని గెట్టు గూడ కొలిపియ్యి. ఒక్క ఖర్చుతోని రెండు పనులైతయి."

ఐలేశం మొహం పాలిపోయింది. "ఆ సర్వేయర్ వేరే, గీ సర్వేయర్ వేరే కావచ్చు."

"అయితే పోయి నలుగుర్ని అడుగు!"

ఐలేశం కదల్లేదు. మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. అడగమంటే అడగడానికి పోని ఐలేశాన్ని కౌసల్య ఎన్నడూ చూడలేదు. జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

మర్నాడు పదింటికి బైకు మీద ఒక సన్నటి కుర్రాయన వచ్చాడు. పేరు జాషువా. గొలుసు లేదు, టేపు లేదు, ఒక్క ఫోన్ ఉంది. కారు చుట్టూ ముప్ఫై మంది, అందులో కొందరి చేతుల్లో పట్టా పాసుపుస్తకాలు, చూసి హెల్మెట్ తీయడానికి కాస్త భయపడ్డాడు. అందరికంటే వెనక పోచయ్య, పాసుపుస్తకం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, పక్కన ఒక సంచీ బత్తాయిలతో నిలబడ్డాడు. రాత్రంతా నిద్రపోలేదని కళ్లే చెబుతున్నాయి.

"గుద్దింది ఎవరండీ?" అన్నాడు జాషువా.

అందరూ పక్కకు జరిగారు. పోచయ్య ముందుకొచ్చి చేతులు జోడించాడు. "నేనే సార్."

"ఎంత లోపలికి పోయింది? రెండు ఇంచులుంటదా?"

"ఇంచులు గాదు సార్" అన్నాడు పోచయ్య. "మూడు గజాలు."

జాషువా కారు వైపు చూశాడు. మూడు గజాలు లోపలికి పోతే అటువైపు నుంచి బయటికి వస్తుంది. "ఎప్పుడు జరిగిందండీ?"

"నాలుగేండ్లయింది సార్."

"నాలుగేండ్లా! నిన్ననే గదా ఫోన్ చేసిండ్రు!"

"అన్న ఓపిక పట్టిండు సార్."

"సరే... చూసుకోక జరిగిందా, కావాలనా?"

"దేవుని తోడు సార్, గుంతలు తవ్వేటప్పుడు చూసుకోలే. మొక్కలు పెట్టినంక సమజయింది. అప్పటికే ఏర్లు పట్టినయి. పీకబుద్ధి గాలే. అన్నకు మొఖం చూపియ్యలేక నాలుగేండ్లసంది దొంగ లెక్క తిరుగుతున్న. పదకొండు చెట్లు సార్, బిడ్డలను సాదినట్టు సాదిన. ఈ ఏడే కాపు పట్టింది. కొట్టేయమనకుండ్రి."

జాషువా తలుపు వైపు చూశాడు, పోచయ్య వైపు చూశాడు, బత్తాయిల వైపు చూశాడు. "కారు చెట్టుకు గుద్దిందాండీ?" అన్నాడు దీనంగా.

కౌసల్య గుండె ఎగిరి గంతేసింది. నాలుగేళ్లుగా తాను అంటున్నది ముప్ఫై మంది ముందు పోచయ్య తన నోటితోనే ఒప్పుకున్నాడు! కొంగు బిగించి ముందుకు ఒక అడుగు వేసింది. అంతలో ఐలేశం అడ్డం వచ్చాడు. ఎవరినీ అడగకుండా, ఎవరి వైపూ చూడకుండా, గట్టిగా మాట్లాడాడు.

"సార్, మా తమ్ముడు రాత్రంత నిద్రపోలే, ఏందో మాట్లాడుతుండు. అదేం రాసుకోకుండ్రి. మీరొచ్చింది తలుపుకు. తలుపు చూడుండ్రి!"

ఊరు ఊరంతా నోరు తెరిచింది. ఐలేశం నోటి వెంట ప్రశ్న లేని మాట రావడం వాళ్లు ఇదే వినడం.

జాషువా బతుకుజీవుడా అని తలుపుకు ఫోటోలు తీసుకున్నాడు. "బండి కాయితాలు చూపించండి" అన్నాడు. కౌసల్య మంటమీద ఉంది. ఆ మంటలోనే కారులోకి దూరి, గేరు రాడ్డు దాటి, డాష్‌బోర్డు తెరిచి కాగితాల కవరు తీసింది. ఆర్సీ తీసింది, పాలసీ తీసింది. వాటి కింద ఎన్నడూ చూడని ఒక మడతకాగితం ఉంది. విప్పింది.

రెండు పొలాల పటం. నల్గొండలో ప్రైవేటుగా కొలతలు వేసే ఆయన ముద్ర, సంతకం. మధ్యన గెట్టు గీత, దానికివతల, తమ పొలంలో, ఎర్ర సిరాతో చిన్న చిన్న సున్నాలు. కౌసల్య లెక్కపెట్టింది. పదకొండు. తేదీ చూసింది. నాలుగేళ్ల కిందటిది, పోచయ్య మొక్కలు పెట్టిన రెండో నెలది. ఆ నెలలో తాను కాన్పు చేయించడానికి మహబూబ్‌నగర్‌లో కూతురి దగ్గర ఉంది.

అంటే, కొలిపించాలా వద్దా అని ఈ మనిషి ఊరంతా అడగడం మొదలుపెట్టకముందే కొలిపించాడు. చెట్లు తమవేనని తెలుసు. తెలిసీ నాలుగేళ్లు అడిగాడు. కొలిపించమనే వాళ్లు ఎంతమందో వద్దనే వాళ్లనూ సరిగ్గా అంతమందినే వెదికి వెదికి అడిగి, తేల్తలేదు అంటూ తేలకుండా చూశాడు. కౌసల్యకు ముందు ఒళ్లు మండింది. తరువాత ఆ పదకొండు సున్నాలనూ వేలితో మెల్లగా నిమిరింది. ఎదురుగా అద్దంలోంచి పోచయ్య కనబడ్డాడు. ఎండలో నిలబడి, పాసుపుస్తకం గుండెకు ఆనించుకుని, ఆమె చేతిలోని కాగితాన్నే చూస్తున్నాడు.

"ఏం కాయితం వదినా అది?" అన్నాడు.

కౌసల్య కాగితాన్ని మడిచింది. "ఏం లేదు. పాత కరెంటు బిల్లు" అని రవికలో దోపుకుంది.

జాషువా పని ముగించి లెక్క చెప్పాడు. చిన్న సొట్ట, క్లెయిమ్ చేసుకోవచ్చు. కానీ ఐలేశం తన వంతు కొంత ఎలాగూ కట్టాలి, బోనసూ పోతుంది. అది వచ్చే ఏడు ప్రీమియంలో తగ్గించే కారు బోనసేనని, వడ్లది కాదని రెండుసార్లు చెప్పాడు. బయట చేయించుకున్నా దాదాపు అంతే. "మీ ఇష్టం సార్, ఏం రాయమంటరు?"

ముప్ఫై మందీ ఐలేశం వైపు తిరిగారు. ఐలేశం గొంతు సవరించుకున్నాడు. "సార్, నువ్వైతే ఏం..."

"ఏం రాయకు బిడ్డా" అంది కౌసల్య. "మాకు ఇన్సూరెన్స్ వద్దు. మా పోచయ్య చేయించుకొస్తడు."

పోచయ్య ఉలిక్కిపడ్డాడు. "ఇయ్యాల్నే చేయిస్త వదినా! నల్గొండల మా ట్రాక్టర్ పని చేసే మనిషున్నడు, కొత్త దాని లెక్క చేస్తడు. మరి... కొలత?"

"ఏం కొలత? రెండు ఇంచులని సారు చెప్పె గదా. నువ్వేంది, మూడు గజాలంటవు! మీ అన్నతోని మాట్లాడక మాట్లాడక నీకు లెక్కలు గూడ మర్చిపోయినట్టున్నయి."

పోచయ్య ఆమె వైపు చూశాడు. అర్థమైందో లేదో గానీ కళ్లు తుడుచుకుని నవ్వాడు. హద్దుదారులు సంతకాలు పెట్టందే కదిలేది లేదని పట్టుబట్టారు కాబట్టి, జాషువా ఒక తెల్లకాగితం మీద అందరిచేతా పెట్టించుకుని బయటపడ్డాడు. పోచయ్య, డానియల్ కలిసి కారును నల్గొండకు తీసుకుపోయారు. బత్తాయిల సంచీ అరుగు మీద మిగిలింది.

ఐలేశం దానికి ఇవతల కూర్చున్నాడు, కౌసల్య అవతల. ఆమె ఒక బత్తాయి ఒలిచి సగం ఆయన చేతిలో పెట్టింది. తియ్యగా ఉంది.

"ఎందుకు దాచినవ్?"

"నిండుగ కాయకముందే కొలతేందే? పెట్టినోడు ఒక్క కాయన్న తినాలె గదా" అన్నాడు ఐలేశం, తొనల వైపు చూస్తూ.

"ఎంతమందిని అడిగినవ్, గిట్ల చెయ్యాల్నా వద్దా అని?"

"ఎవ్వల్నడగలే."

"నన్ను గూడనా?"

"నిన్నడిగితే కొలిపియ్యమంటవు గదనే!"

కౌసల్యకు నవ్వాగలేదు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. రవికలోంచి ఆ కాగితం తీసి, బత్తాయి తొక్కలన్నీ అందులో వేసి పొట్లం కట్టి, మొగుడి చేతిలో పెట్టింది.

"పో, నీళ్లపొయ్యిల ఏసి రా" అంది. "తొవ్వల ఎవ్వల్నీ అడగకు."